యాక్టివాకి సైడ్ వీల్స్: వైజాగ్ డౌన్లలో, ఉప్పుగాలిలో నా అనుభవం

వైజాగ్‌లో స్కూటరుకి సైడ్ వీల్స్ బిగించుకోవాలనుకునేవాళ్లు మెకానిక్‌ని ధర అడిగే ముందు ఇంకో మాట అడగండి: "రెండు పక్క చక్రాలకీ కలిపి ఒకటే రాడ్డా, దేని షాకబ్జార్బర్ దానికుందా?" ఒకటే రాడ్డు అన్నాడా, ఎంత చవగ్గా ఇస్తానన్నా అక్కణ్ణించి వచ్చేయండి. ఎందుకో వివరంగా చెప్తాను.

నా ఎడమ కాలికి చిన్నతనంలోనే పోలియో. కాలికి ఊతగా ఉండే క్యాలిపర్ కట్టుకుని, ఒక చంకకర్ర సాయంతో నడుస్తాను. మా ఇల్లు గోపాలపట్నం, నేను పనిచేసే ఆడిటరు గారి ఆఫీసు సిరిపురం. ఎన్‌ఏడీ మీదుగా కంచరపాలెం, తాటిచెట్లపాలెం, గురుద్వారా దాటి రోజూ వెళ్లొచ్చేది నా హోండా యాక్టివా మీదే. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగిస్తే బండి ఏ పక్కకీ ఒరగదు. సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టక్కర్లేదు. నాలాంటివాళ్లకి బండి నడపడంలో కష్టం పెద్దగా లేదు, కష్టమంతా దాన్ని ఆపి నిలబెట్టడంలోనే. ఆ కష్టాన్ని సైడ్ వీల్స్ పూర్తిగా తీసేశాయి. ఆటో కోసం, అన్నయ్య కోసం, ఎవరో ఒకరి తీరిక కోసం ఎదురుచూసే బతుకు నాకు తప్పింది. అందుకే ఈ సామాను గురించి ఇంత శ్రద్ధగా రాస్తున్నాను.

మొదట బిగించుకున్నది ఒకటే రాడ్డు రకం. బండి అడుగున అడ్డంగా ఒక ఇనప కమ్మీ, దాని రెండు చివర్లా రెండు చక్రాలు. నున్నటి రోడ్డు మీద ఏ లోపమూ తెలియలేదు. అసలు సంగతి మ్యాన్‌హోల్ మూతల దగ్గర బయటపడింది. మన వీధుల్లో పాత తారు మీదే కొత్త పొర, దాని మీద ఇంకో పొర వేసుకుంటూ పోతారు. రోడ్డు ఎత్తు పెరుగుతుంది, మూత మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. అలాంటి గుంట మీదకి బండి వెళ్తే పక్క చక్రాలు రెండూ గుంటకి అటూ ఇటూ రోడ్డు మీద ఆనుతాయి. మధ్యనున్న అసలు చక్రం గాల్లో వేలాడుతుంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా చక్రం గిర్రున తిరగడమే గానీ బండి అంగుళం కదలదు. నేను దిగి నెట్టుకోలేను, వెనక బస్సువాడు హారన్ ఆపడు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి బండిని ఎత్తి పక్కన పెట్టేదాకా నడిరోడ్డు మీద అలాగే కూర్చోవాల్సి వచ్చింది.

విడివిడి షాకబ్జార్బర్లున్న రకంలో పక్క చక్రాలు దేనికది పైకీ కిందకీ ఆడతాయి. ఎత్తు తగిలితే పక్క చక్రం లోపలికి నొక్కుకుంటుంది. బరువు ఎప్పుడూ అసలు చక్రం మీదే ఉంటుంది కాబట్టి పట్టు తప్పదు. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు నడుముకి పడే దెబ్బ కూడా సగానికి సగం తగ్గింది.

అయినా రోడ్డు వేసినప్పుడల్లా మ్యాన్‌హోల్ మూతని కొత్త రోడ్డు ఎత్తుకి లేపి అమర్చాలి. ఇది నా బండి ఒక్కదాని గొడవ అనుకోకండి. రాత్రిపూట మామూలు బైకులవాళ్లు పడేది కూడా ఆ గుంటల్లోనే. కాంట్రాక్టరు బిల్లు పాస్ చేసేముందు మూతల ఎత్తు కొలిచి రాసుకునే పద్ధతి ఒకటి పెడితే చాలు. ఊరు బాగుపడ్డానికి ఏం చెయ్యాలని నన్నెవరైనా అడిగితే నేను చెప్పే మొదటి మాట ఇదే.

రెండోసారి బిగించింది గాజువాక ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డు మేస్త్రి. ఆయన పనితనం చెప్పి తీరాలి. ముందు నన్ను బండెక్కించి, క్యాలిపర్‌తో నా కాలు ఫుట్‌బోర్డు మీద ఎక్కడ ఆనుతోందో చూసి చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాడు. ఆ గీత వెంబడి వేలెడు ఎత్తున అంచు కట్టాడు, కుదుపులకి కాలు జారిపోకుండా. చంకకర్ర పెట్టుకోడానికి ఎడమ పక్కన పీవీసీ పైపు ముక్క నిలువుగా బిగించి, అడుగున రబ్బరు వేశాడు. కర్ర టకటకమని కొట్టుకోదు, ఒంటిచేత్తో తీసుకోవచ్చు. ఇవేవీ నేను అడిగినవి కావు.

మొదటి సెట్టు చక్రాల బ్రాకెట్లు చూసి ఆయనన్న మాట: "ఇవి బయటూరి సరుకమ్మా. మన వూళ్లో ఏడాది తిరక్కుండా తుప్పట్టెస్తాయి. ఉప్పుగాలి ఇనుముని తినేస్తాది." నిజంగానే బోల్టు తలల కింద, వెల్డింగ్ అతుకుల పక్కన పొరలు పొరలుగా లేచొచ్చింది. సముద్రం మీంచి వచ్చే తడిగాలిలో ఉప్పు ఉంటుంది, అది సందుల్లో చేరితే మళ్లీ బయటికి పోదు. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే డొల్లగా ఉండే గొట్టాల చివర్లు పూర్తిగా మూసి వెల్డింగ్ చేశాడు. తెరిచి వదిలేస్తే వాననీళ్లు లోపలికి చేరి, పైకి రంగు నిగనిగలాడుతుండగానే లోపల్నించి కొరుక్కుపోతుందట. తరవాత రెండు పూతలు తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్, దాని మీద నల్ల రంగు. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటికి ఖర్చు ఎక్కువే, కానీ ఇక్కడ ఆదా చేయొద్దు. 1948లో ఇక్కడే కట్టిన జల ఉష ఓడని నీళ్లలోకి దించిన ఊరు మనది. ఉప్పుకి తట్టుకునేలా ఇనుముని కాపాడే విద్య తెలిసిన చేతులు ఇక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి. వికలాంగుల బండ్లకి మాత్రం ఎక్కణ్ణించో తెచ్చిన సామాను బిగించి పంపడమెందుకు?

నడకలో ఎలా ఉందో చెప్తాను. మామూలు స్కూటరుని మలుపులో ఒళ్లు వంచి తిప్పుతాం. ఇది వంగదు, హ్యాండిల్‌తోనే తిప్పాలి. వేగంగా తిప్పితే లోపలి వైపు చక్రం లేస్తుంది. అలవాటయ్యేదాకా మలుపులన్నీ నడక వేగంతో తీసుకోండి. రోడ్డు అంచుకి వాలుగా ఉంటుంది కాబట్టి బండి ఎప్పుడూ ఎడమ పక్కకి లాగుతుంది. హైవే మీద ఎన్‌ఏడీ నుంచి తాటిచెట్లపాలెం దాకా హ్యాండిల్ బిగించి పట్టుకుంటే భుజం నొప్పెట్టేది. ఏళ్ల తరబడి చంకకర్ర వాడినవాళ్ల భుజాలు అసలే అరిగిపోయి ఉంటాయి. మేస్త్రి ఎడమ షాకబ్జార్బర్ కాస్త బిగించాక ఆ లాగుడు చాలావరకు పోయింది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. లీటరుకి 45 దాకా వచ్చేది ఇప్పుడు 36, 37 వస్తోంది.

డౌన్ల సంగతి, అంటే సముద్రం వైపు దిగే వాలు రోడ్ల సంగతి, వేరే చెప్పాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్, కలెక్టరాఫీస్ డౌన్, పాండురంగాపురం డౌన్, చినవాల్తేరు డౌన్. ఊరి మధ్య నుంచి సముద్రం వైపు వెళ్లాలంటే చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి దిగాల్సి వస్తుంది. నా సైడ్ వీల్స్‌కి బ్రేకులుండవు, ఉన్నవి బండి బ్రేకులే. పైగా ఆ ఇనుమంతా అదనపు బరువు. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వాడండి, వానలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కొద్దు. వాలులో బండి ఆపాల్సి వస్తే ఇంకో చిక్కు: స్టాండు వేసే పనే లేని బండి కదా, చెయ్యి తీసేస్తే దొర్లిపోతుంది. ఎడమ లివరుకి బ్రేకు నొక్కి పట్టే లాక్ క్లిప్ తప్పనిసరిగా వేయించుకోండి. హైదరాబాదులోనో విజయవాడలోనో అమ్మే సెట్టుతో అది రాకపోవచ్చు, అడిగి మరీ పెట్టించుకోవాలి. కేజీహెచ్ దగ్గర మందుల షాపు ముందు ఆ క్లిప్ లేకుండా నేనయితే ఆగను.

పార్కింగ్ గురించి నడవగలిగేవాళ్లకి తెలియని విషయం ఒకటుంది. మేం బండి వెనక్కి తీయలేం. అందరూ కాళ్లతో నేలని తన్ని వెనక్కి జరుపుకుంటారు, మాకు ఆ కాళ్లు లేవు. అదీగాక నా బండి వెడల్పు దాదాపు 4 అడుగులు. వరసలో ముందుకి దూర్చి పెడితే ఇక బయటికి రావడానికి మనిషి సాయం కావాల్సిందే. పక్కన ఖాళీ కనిపిస్తోంది కదా అని ఎవరో పల్సర్ తెచ్చి చక్రానికి ఆనించి పెట్టారంటే, వాళ్లు వచ్చేదాకా నేను అక్కడే. వికలాంగుల పార్కింగ్ అని నీలి బోర్డు పెట్టిన చోట్ల కూడా కారుకి సరిపడా గీతలు గీసి, ముందు గోడ కట్టేస్తున్నారు. మాకు కావాల్సింది వరస చివర, ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్క నుంచి నేరుగా వెళ్లిపోగలిగే చోటు. 5 అడుగుల వెడల్పు, అడ్డంగా ఏమీ లేకుండా. రంగు డబ్బా ఒకటీ, వాచ్‌మన్‌కి నాలుగు మాటలూ, అంతే ఖర్చు. మా ఆఫీసు బిల్డింగులో వాచ్‌మన్ తాతగారికి చెప్పగానే చివరి స్తంభం పక్కన ఆయనే సున్నంతో గీత గీసి, రోజూ కాపలా కాస్తున్నారు.

ఇక ఈ బండి నాకు ఊరంతటినీ చూపించింది కానీ, ఆఖరి పది అడుగుల దగ్గర ఊరే ఆపేస్తోంది. గుమ్మం దాకా సొంతంగా వెళ్తాను. అక్కడ మూడు మెట్లు, పట్టుకోడానికి కమ్మీ ఉండదు. మెట్ల మీద నున్నటి గ్రానైటు. తడి చెప్పులతో ఒక్కరు నడిచి వెళ్లినా నా చంకకర్ర రబ్బరు జారుతుంది. బట్టల షాపులు, ల్యాబులు, టిఫిను హోటళ్లు, డాక్టర్ల క్లినిక్కులు, అన్నీ ఇంతే. కింద షట్టర్లలో షాపులు, పైన క్లినిక్కు, లిఫ్టు మాత్రం ఐదు మెట్లు ఎక్కాక మొదలవుతుంది. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లే మెట్లు ఎక్కలేక నాకు ముందు మెట్ల మీదే కూర్చున్న ముసలాయన్ని నేను చూశాను.

చట్టంలో లేక కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని 44వ సెక్షన్ ప్రకారం అందరూ రాగలిగేలా ప్లాను లేకపోతే బిల్డింగుకి అనుమతే ఇవ్వకూడదు. 45వ సెక్షన్ ప్రకారం పాత ప్రభుత్వ, ప్రజోపయోగ భవనాల్ని రూల్సు వచ్చిన 5 ఏళ్లలో సరిచేయాలి. రూల్సు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022 జూన్‌తో అయిపోయింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కూడా ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని తీర్పిచ్చింది. కనీసం కొత్తగా కడుతున్న వాటికైనా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే రోజు ఒక వీల్‌చైరు మనిషిని తీసుకెళ్లి గేటు నుంచి లిఫ్టు దాకా వెళ్లి చూడమనండి. ఫైలు చదివితే తెలియనిది ఆ ఒక్క ప్రయాణంలో తెలుస్తుంది.

చిన్న షాపుల వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. అరడుగు మెట్టుకే 6 అడుగుల ర్యాంపు పడుతుంది. డాబాగార్డెన్స్‌లో, పూర్ణా మార్కెట్ పక్క సందుల్లో అంత జాగా ఎవరికుంది? కట్టినా ఫుట్‌పాత్ మీదకి వస్తుంది, నడిచేవాళ్లకి అది అడ్డం. దానికి నా ఆలోచన ఇదీ: కార్పొరేషన్ కొత్తగా ఫుట్‌పాత్ వేసేటప్పుడే ఆ వరసలోని షాపుల గుమ్మాల ఎత్తు చూసుకుని వేస్తే చాలా చోట్ల మెట్టే ఉండదు. వాలంతా రోడ్డు మలుపుల దగ్గర, అందరికీ కలిపి ఒకేచోట ఇచ్చేయొచ్చు. అది అయ్యేదాకా మడిచి పక్కన పెట్టుకునే పలక ఉన్నా చాలు. మా ఆటోనగర్ మేస్త్రి తన షెడ్డు గుమ్మానికి మిగిలిపోయిన గళ్ల ఇనప రేకుతో అలాంటిదే చేసి పెట్టుకున్నాడు. కస్టమరు రాగానే కుర్రాడు పలక వాలుస్తాడు, వెళ్లగానే గోడకి ఆనించేస్తాడు. గళ్ల రేకు కాబట్టి తడిసినా కర్ర జారదు.

నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా సులువుగా సరుకు దొరికేది తోపుడు బళ్ల దగ్గర. ఈ మాట గట్టిగా చెప్పాలనుంది, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. బండి దిగక్కర్లేదు, మెట్టెక్కక్కర్లేదు, తలుపు తొయ్యక్కర్లేదు. మా గోపాలపట్నంలో కూరగాయలమ్మే ఆవిడ నన్ను దూరం నుంచే చూసి, "అప్పా, దిగకు, నేనే తెస్తాను" అంటుంది. అప్ప అంటే మా వైపు అక్క. వంకాయలు నా చేతికిచ్చి ఏరుకోమంటుంది. పుచ్చులుంటే తనే తీసేస్తుంది. సంచి హుక్కుకి తగిలించి, చిల్లర నా జేబు పర్సులో పెట్టిస్తుంది. ఏసీ సూపర్ మార్కెట్లలో ఎన్ని రాయితీలున్నా ఈ సేవ నాకు దొరకలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా, ఎవరో పెద్దలు వస్తున్నారని సుందరీకరణ చేసినప్పుడల్లా ముందు లేచిపోయేవి ఈ బళ్లే. బళ్లు పోతే జీవనం పోయేది అమ్మేవాళ్లకే అనుకుంటాం. కొనడానికి వాళ్ల దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ వెళ్లలేని మనుషులు కూడా ఉన్నారు. కాన్పయిన ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పుల మామ్మలు, నేను.

2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఊరికో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. బళ్లు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే రోజు నాలాంటి కొనుగోలుదార్లని కూడా పిలవండి. ఎక్కడ బండి ఆపితే నా స్కూటరు పక్కనే నిలుస్తుందో, ఎక్కడ ఆపితే చూపులేనివాళ్ల దారికి అడ్డమొస్తుందో కలిసి కూర్చుంటే గంటలో తేలిపోతుంది.

బీచ్ రోడ్డు మీద సైడ్ వీల్స్‌తో వెళ్లడం నాకు చాలా ఇష్టం. ఆర్కే బీచ్ నుంచి కురుసురా జలాంతర్గామి మ్యూజియం మీదుగా అలా సాగిపోతే గాలికి ఒళ్లు తేలికవుతుంది. కానీ ఇసకలో ఈ చక్రాలు పనికిరావు. చిన్న చక్రాలు వెంటనే కూరుకుపోతాయి, ఆ ప్రయత్నం అసలు చేయొద్దు. ఈ ఊళ్లో పుట్టి, సముద్రపు నీళ్లు కాళ్లకి తగలకుండా ఏళ్లు గడిపినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. చెన్నై మెరీనాలో 2022 నవంబర్‌లో వీల్‌చైర్లు నీళ్ల దగ్గరిదాకా వెళ్లడానికి 263 మీటర్ల చెక్కదారి వేశారు. నెల తిరక్కుండా మాండూస్ తుపానుకి దెబ్బతింటే మళ్లీ బాగుచేశారు. మనకి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఏం చేసిందో అందరికీ గుర్తే. కాబట్టి ఇక్కడ వేస్తే ముక్కలు ముక్కలుగా, తుపాను హెచ్చరిక రాగానే ఊడదీసి లోపలికి చేర్చుకునేలా వేయాలి. రుషికొండకి 2020లో శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు, ఆ గుర్తింపు షరతుల్లో దివ్యాంగులకి దారి, సదుపాయాలు కూడా ఉన్నాయని చదివి నేనెంతో సంబరపడ్డాను. ఊరి మధ్యలో, బస్సు దిగి వెళ్లగలిగే ఆర్కే బీచ్‌లోనూ అది కావాలి. బీచ్ రోడ్డు అరుగు మీదకి బైకులు ఎక్కకుండా పాతే స్తంభాల మధ్య ఒక్క సందైనా వీల్‌చైరు పట్టేంత ఉంచాలి. పక్కనే కూర్చుని లేవడానికి కమ్మీలున్న ఒక ఆడవాళ్ల టాయిలెట్టు, తాళం వేయనిది. బయటికెళ్లే రోజు నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు నాకు బాగా తెలుసు.

బస్సు గురించి తక్కువే చెప్పగలను, ఎక్కడం నాకు కుదరదు కాబట్టి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి టిక్కెట్టు ఖర్చు లేదు. మా అమ్మ దానివల్ల సింహాచలం తరచుగా వెళ్తోంది, ఎంతో సంతోషం. మొదటి మెట్టు ఎత్తు తగ్గిస్తే ఆవిడతోపాటు నేనూ వెళ్తాను. చూపులేని నా స్నేహితుడు ఒకాయన అడిగేది ఇంకా చిన్నది: స్టాపులో బస్సు ఆగినప్పుడు నంబరు, వెళ్లే ఊరు పైకి వినపడేలా చెప్పాలి. "900కే అని ఒక్కసారి అరిస్తే చాలు, భీమిలి వాళ్లందరం ఎక్కేస్తాం" అంటాడు.

కొందరు అంటుంటారు, పోలియో పోయింది కదా, ఇవన్నీ ఇంకెన్నాళ్లు అవసరమని. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. నా తర్వాత పుట్టిన పిల్లలకి ఆ బాధ లేకపోవడం కన్నా నాకు కావాల్సింది ఏముంది? కానీ ఆటోనగర్ షెడ్డులో నా పక్కన వంతు కోసం కూర్చున్నవాళ్లలో పోలియో వాళ్లకంటే మిగతావాళ్లే ఎక్కువ. పక్షవాతం వచ్చి కోలుకున్న ఒక డ్రైవరు, షుగరుతో పాదం తీసేసిన ఒక టీ కొట్టాయన, యాక్సిడెంటులో కాలు పోయిన కాలేజీ కుర్రాడు.

నాకు అమరిక, చక్రాలు, స్టెయిన్‌లెస్ బోల్టులు, రంగు అన్నీ కలిపి 18,000 అయింది. దివ్యాంగుల పింఛను నెలకి 6,000. దాని మీద బతికే మనిషికి ఇది మూడు నెలల తిండి. బండి ఖరీదు కాకుండానే. అర్హతల్ని బట్టి ప్రభుత్వం మూడుచక్రాల మోటారు బండ్లు ఇస్తోంది, మంచిదే. ఇంట్లో అప్పటికే స్కూటరు ఉన్నవాళ్లకి సైడ్ వీల్స్ ఖర్చు ఒక్కటి ఇచ్చినా అదే డబ్బుతో ఇంకెంతో మంది రోడ్డెక్కుతారు. 2016 చట్టం 41వ సెక్షన్‌లో వాహనాలకి ఇలాంటి మార్పులు చేయించే పథకాలు పెట్టాలని స్పష్టంగా ఉంది. కంచరపాలెం ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకునే పిల్లలకి ఈ పని ఒక పాఠంగా పెట్టి, మా మేస్త్రి లాంటివాళ్లని పిలిచి చెప్పిస్తే ఊళ్లోనే మంచి సెట్లు తయారవుతాయి. ఆ పిల్లలకి కూడా చేతిలో ఒక పని ఉంటుంది.

తీసుకోవచ్చా అంటే, తప్పకుండా తీసుకోండి. కాగితాల పని మాత్రం వదలొద్దు. మార్పు చేయించేముందు రవాణా శాఖ ఆఫీసులో అనుమతి పెట్టుకుని, బిగించాక ఆర్సీలో అడాప్టెడ్ వెహికల్‌గా రాయించుకోండి. లైసెన్సు కూడా ఆ రకం బండికే ఉండాలి, దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకి చక్రాలు బిగించిన సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి, లేకపోతే క్లెయిము దగ్గర పేచీ పెడతారు. బిగించిన మొదటి వారం తర్వాత నట్లన్నీ మళ్లీ బిగింపించుకోండి, కుదుపులకి వదులవుతాయి. వానాకాలం ముందు బండిని ఎత్తించి అడుగున బ్రాకెట్లు చూడమనండి. ఎక్కడ రంగు పొంగినా అక్కడ గీకి రెడ్ ఆక్సైడ్ వేయించండి. ఆటోనగర్‌కి ఉదయం పూటే వెళ్లండి, పనికి సాయంత్రం దాకా పడుతుంది.